నెలనెలా అవార్డులిస్తున్నా టీచర్లు ఎందుకు మానేస్తున్నారు?

మిగతావాళ్లకూ అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు ఓ జిల్లా కేంద్రంలో ప్రైవేటు హైస్కూలుకు వైస్ ప్రిన్సిపాల్. కొంతకాలంగా పిల్లలకు ‘స్టార్ ఆఫ్ ద మంత్’, టీచర్లకు ‘బెస్ట్ టీచర్’ ఇస్తూ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. అయినా వేసవి సెలవులు రాగానే నలుగురైదుగురు టీచర్లు వేరే స్కూలు చూసుకుంటున్నారు. పిల్లలకూ ‘మా స్కూలు’ అన్న అభిమానం పెద్దగా లేదు. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో టీమ్ లీడ్‌గా ఉన్న మీవారు తన దగ్గరా ఇదే గోల అంటున్నారు. మెచ్చుకోవడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా, ఉంటే లోపం ఎక్కడుంది అని అడిగారు.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కల మాస్టారుగా, తర్వాత హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఒక మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లకు అప్పుడప్పుడు క్లాసులు చెబుతుంటాను. అందుకని బడి, పనిచోటు రెండింటి గురించీ చెప్పగలను.

ఉపయోగం ఉందమ్మా, చాలా ఉంది. కాకపోతే మీరు పంచుతున్నవి బహుమతులు. బహుమతి అన్నాక గెలిచేది ఒకరు, మిగిలినవాళ్లంతా ఓడినట్టే. ఒక చోటు మనదనిపించడానికి కావలసింది వేరే. నేను చేసే పని ఇక్కడ ఎవరో ఒకరు గమనిస్తున్నారు, నేను ఒకరోజు రాకపోతే ఆ లోటు వీళ్లకు తెలుస్తుంది అన్న నమ్మకం కుదరాలి. అవార్డు ఆ నమ్మకం ఇవ్వలేదు.

లెక్క వేసి చూడండి. మీ స్కూల్లో 40 మంది టీచర్లున్నారనుకుందాం. ఏడాదికి పది నెలలు, పది అవార్డులు. ఒక్కరికీ రెండోసారి రాకపోయినా 30 మందికి ఏడాదంతా ఏమీ రానట్టే. వాళ్లు నెలకోసారి లేచి నిలబడి చప్పట్లు కొట్టడానికే ఉన్నారు. నాలుగు నెలలు గడిచేసరికి మేనేజ్‌మెంట్‌కు ఇబ్బంది మొదలవుతుంది. ఫలానావాళ్లకు ఇంకా ఇవ్వలేదు, బాధపడతారేమో అని వంతులవారీగా ఇస్తారు. అప్పుడిక అది అవార్డు కూడా కాదు. ‘ఈ నెల సోషల్ డిపార్ట్‌మెంట్ వంతు’ అని స్టాఫ్‌రూమ్‌లో నవ్వుకుంటారు. తీసుకున్నవాళ్లకూ ఆ నవ్వు వినిపిస్తుంది.

పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు 1973లో ప్రచురించిన ప్రయోగం ఇది. నర్సరీ స్కూల్లో స్కెచ్ పెన్నులతో ఇష్టంగా బొమ్మలు వేసుకునే పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి ‘బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక ఇచ్చారు. ఇంకొందరికి అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఖాళీ సమయంలో ఎవరు ఎంతసేపు బొమ్మలు వేస్తున్నారో చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సమయమే దాని మీద పెట్టారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ల ఇష్టం మాత్రం తగ్గలేదు. నెలాఖరున స్టార్ ఉందని మనం ముందే ఊరించిన పనుల గతి ఇదే. లైబ్రరీ పుస్తకాలు సర్దడం, మొక్కలకు నీళ్లు పోయడం లాంటివి పిల్లలు ఇష్టంగా చేసేవి. వాటికి పాయింట్లు పెట్టామంటే, పాయింట్లు ఆగిన రోజు మొక్కలు ఎండిపోతాయి.

ఇక మన ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుల సంగతి. జాతీయ అవార్డుకు 2018 నుంచి టీచరు తానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే పద్ధతి వచ్చింది. పైరవీలు తగ్గాయి, మంచిదే. కానీ తన గొప్పతనం తానే రాసుకుని, ఫొటోలూ వీడియోలూ జతచేసి పంపాలంటే మొహమాటపడేవాళ్లు వెనకే ఉండిపోతారు. నాకు తెలిసిన చాలామంది మంచి మాస్టార్లకు ఫైలు తయారుచేయడం రాదు. అవార్డు ఉండకూడదని నేననను. దానివల్ల స్టాఫ్‌రూమ్‌లో ఆత్మీయత పెరుగుతుందని అనుకోవద్దంటాను, అంతే.

ఇంకో మాట చెప్పక తప్పదు, మీకు కోపం రావచ్చు. టీచర్లు సరిగ్గా వేసవిలోనే ఎందుకు మానేస్తున్నారు? మీ స్కూల్లో ఏప్రిల్, మే జీతాలు ఎగ్గొడుతున్నారా? అడ్మిషన్ల క్యాంపెయిన్ పేరుతో ఎండలో ఇంటింటికీ తిప్పుతున్నారా? చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని దగ్గర పెట్టుకున్నారా? ఈ మూడింటిలో ఒక్కదానికి అవును అన్నా, ముందు దాని సంగతి చూడండి. వేసవి జీతం ఎగ్గొట్టి సెప్టెంబరు 5న కేక్ కోస్తే టీచరుకు ఆ కేక్ గొంతు దిగదు. జీతం, గౌరవం సరిగ్గా ఉన్నచోటే మెచ్చుకోలు పనిచేస్తుంది. వాటి బదులు వాడుకుందామని చూస్తే మనుషులు ఇట్టే పసిగడతారు, ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది.

అవన్నీ సరిగానే ఉన్నాయనుకుని ముందుకెళ్తాను.

నలుగురిలో ఒకడిగా ఉండాలన్న కోరిక మనిషికి ఆకలి లాంటి ప్రాథమిక అవసరమని బౌమైస్టర్, లియరీ అనే మనస్తత్వవేత్తలు 1995లో వివరంగా రాశారు. అందులో నాకు బాగా పనికొచ్చింది ఒకటుంది. ఆ కోరిక తీరాలంటే పరస్పరం పట్టించుకునే మనుషులు ఉండాలి, వాళ్లతో మంచి మాటామంతీ తరచుగా జరగాలి. తరచుగా అన్నదే ముఖ్యం. మనవాళ్లు అంతా ఒకేసారి ఇచ్చేస్తారు. పదవీ విరమణ సభలు చూడండి. శాలువాలు, గజమాల, మెమెంటో, రెండు గంటల ఉపన్యాసాలు. ‘సారు లేకపోతే ఈ బడి లేదు’ అని ఒకరు, ‘నాకు బోర్డు మీద రాయడం నేర్పింది ఆయనే’ అని ఇంకొకరు. కుర్చీలో కూర్చున్న పెద్దాయన ముఖం చూస్తే ఆయన ఇవన్నీ మొదటిసారి వింటున్నట్టు తెలిసిపోతుంది. అందులో ఒక్కో వాక్యం ఏడాదికొకటి చొప్పున చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇక ఎలా మెచ్చుకోవాలి అన్నది. వాట్సాప్‌లో ‘సూపర్ మేడం’, చప్పట్ల బొమ్మలు నలభై వచ్చినా ఒకటే, నాలుగు వచ్చినా ఒకటే. దాన్ని దీనితో పోల్చండి: ‘మేడం, నిన్న తొమ్మిది బి మీదుగా వెళ్తూ కాసేపు ఆగాను. ఆమ్లాలు, క్షారాల పాఠానికి మీరు ఇంట్లోంచి చింతపండు రసం, సున్నపు తేట తెచ్చి లిట్మస్ ముంచి చూపించారు. వెనక బెంచీ పిల్లలు కూడా లేచి నిలబడి చూస్తున్నారు. ల్యాబ్‌లో సామాను లేదని మీరు పాఠం ఆపలేదు.’ ఇందులో ‘సూపర్’ లేదు, ‘ఎక్సలెంట్’ లేదు. ఏం చేశారో, దానివల్ల ఏం జరిగిందో ఉంది. చెప్పినవాడు అక్కడ నిలబడి చూశాడన్న సాక్ష్యం ఉంది. ఇలాంటి మాట అబద్ధంగా చెప్పడం కుదరదు, దాని విలువంతా అక్కడే ఉంది. మునగచెట్టు ఎక్కించేవాడు ఎప్పుడూ వివరాల్లోకి వెళ్లడు, గమనించండి.

పైస్థాయిలో ఉన్నవాళ్లు స్వయంగా వచ్చి చెప్పడం వల్ల ఎంత తేడా వస్తుందో ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో 2010లో చూపించారు. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో విరాళాల కోసం ఫోన్లు చేసే ఉద్యోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు దగ్గరికి డైరెక్టర్ స్వయంగా వచ్చి, మీ శ్రమకు కృతజ్ఞతలు అని చెప్పి వెళ్లారు. ఆ తర్వాతి వారం ఆ గుంపు చేసిన ఫోన్ల సంఖ్య 50 శాతానికి పైగా పెరిగింది. రెండో గుంపులో మార్పేమీ లేదు. జీతం పెంచలేదు, పోటీ పెట్టలేదు. మా పని ఎవరికో పనికొస్తోంది, ఆ సంగతి పైవాళ్లకు తెలుసు అని ఉద్యోగులకు అనిపించింది, అంతే.

మీ కరస్పాండెంట్ గారిని నెలకోసారైనా స్టాఫ్‌రూమ్‌కు తీసుకురండి. వెంట మీరు రాసిన చీటీ ఉండాలి, ఎవరు ఏం చేశారో వివరంగా. చీటీ లేకుండా వస్తే ఆయన ‘అందరూ బాగా కష్టపడుతున్నారు, రిజల్ట్స్ ఇంకా పెంచాలి’ అని వెళ్లిపోతారు.

తరగతిలో దీన్ని అమలు చేయడానికి నేను వాడిన ఉపాయం హాజరు పట్టీ. పిల్లల పేర్లతో ఇంకో కాగితం రాసి పట్టీ చివర అతికించేవాణ్ని. ఎవరితోనైనా ఒక నిర్దిష్టమైన మంచి మాట అన్న రోజు ఆ పేరు ఎదురుగా తేదీ, ఒకటి రెండు పదాలు. ‘భిన్నాలు – తప్పు తానే పట్టుకుంది’, ‘చాక్‌పీస్ డబ్బా’, ‘తమ్ముణ్ని క్లాసుకు చేర్చాడు’ ఇలా. నెలాఖరుకు ఆ కాగితం చూస్తే కళ్లు తెరుచుకుంటాయి. ముందు బెంచీలో చెయ్యెత్తే నలుగురి ఎదురుగా ఆరేసి తేదీలుంటాయి. బాగా అల్లరి చేసేవాళ్లకూ ఏవో ఉంటాయి, వాళ్లు కంటపడతారు కాబట్టి. మధ్య బెంచీల్లో నోరు విప్పనివాళ్ల ఎదురుగా ఖాళీ. ఫీజు కడతారు, హోంవర్క్ చేస్తారు, మార్కులు యాభై అరవై మధ్య. టీచర్లకు వాళ్ల పేర్లు నవంబరు దాకా నోటికి రావు. బడి తమది కాదనుకునేవాళ్లలో ఎక్కువమంది అక్కడే కూర్చుంటారు. తర్వాతి నెల పనంతా ఆ ఖాళీలే. వెతికి చూస్తే చెప్పడానికి ఏమీ దొరకని పిల్లవాడంటూ ఎవడూ ఉండడు.

ఇదే కాగితం మీరు స్టాఫ్‌కు పెట్టుకోండి. అందులో ఆయాల పేర్లు, బస్సు డ్రైవర్ల పేర్లు, వాచ్‌మన్ పేరు తప్పకుండా ఉండాలి. ప్రభుత్వ బడిలో అయితే మధ్యాహ్న భోజనం వండేవాళ్లను నేను ముందు రాస్తాను. గౌరవ వేతనం కొద్దిపాటిదే, బిల్లులు వచ్చేది ఎప్పుడో, అయినా పప్పు మాడకుండా వేళకు వడ్డిస్తారు. అన్నంలో రాయి వచ్చిన రోజు అందరూ వాళ్ల మీద పడతారు, రాని రెండొందల రోజులు ఒక్కరూ మాట్లాడరు. మా బడిలో ఒక క్లాసు పిల్లలు వంతులవారీగా వెళ్లి ‘అమ్మా, ఈరోజు సాంబారు బాగుంది’ అనో ‘ఉప్పు తక్కువైందమ్మా’ అనో చెప్పేలా పెట్టాం. రెండోది కూడా చెప్పనివ్వండి. తక్కువైందని చెప్పే స్వేచ్ఛ ఉన్నప్పుడే బాగుందన్న మాటకు విలువ.

ఇంటికి ఫోన్ చేయడం కూడా ఇందులో భాగమే. మంచి చెప్పడానికి ఫోన్ చేయండి. మొదటిసారి చేసినప్పుడు అవతల తల్లి గొంతు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ‘సార్... ఏం చేశాడండీ?’ అంటుంది. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే కొట్లాటో, జ్వరమో, ఫీజు బాకీయో. ‘ఏమీ చేయలేదమ్మా, ఇవాళ కొత్తగా వచ్చిన పిల్లవాడికి నోట్స్ అంతా మీవాడే చూపించాడు, అది చెబుదామని’ అంటే కాసేపు మాట రాదు. తర్వాత ‘ఇంట్లో గ్లాసు తీసి పక్కన పెట్టడు సార్’ అని నవ్వుతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఆ మాట భర్తతో అంటుంది, పిన్నితో అంటుంది, పిల్లవాడు వింటూ ఉంటాడు. మరుసటి రోజు వాడు బడికి వచ్చే తీరే వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ ఒకేరోజు రాష్ట్రమంతా పెట్టారు. తల్లిదండ్రులు గేటు లోపలికి వచ్చారు, అది మంచి మొదలే. ఇలాంటి మీటింగుల్లో ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చే ముందు ఆ బిడ్డ గురించి ఒక్క వాక్యం, మార్కులతో సంబంధం లేనిది, టీచరు దగ్గర సిద్ధంగా ఉండాలని మీ స్టాఫ్‌కు చెప్పండి.

‘పొగిడితే నెత్తికెక్కుతారు’ అనే సీనియర్ టీచరు మీ దగ్గరా ఉండే ఉంటారు. కొట్టిపారేయకండి, ఆయన వెనక పెద్ద సంప్రదాయమే ఉంది. కన్నబిడ్డల్ని ఎదుట పొగిడితే ఆయుక్షీణం అని మన ఇళ్లలో ఇప్పటికీ అంటారు. ఒక పాత సంస్కృత శ్లోకం కూడా ఉంది: గురువుల్ని ఎదురుగా పొగడాలి, మిత్రుల్ని, బంధువుల్ని వాళ్లు లేనప్పుడు పొగడాలి, పనివాళ్లను పని ముగిశాక పొగడాలి, కొడుకుల్ని మాత్రం ఎప్పుడూ పొగడకూడదు అని. చివరిమాట పక్కన పెడితే, మిత్రుల గురించి, పనివాళ్ల గురించి చెప్పిన రెండూ నేటికీ పనికొచ్చే సలహాలే. లేనప్పుడు చెప్పిన మంచిమాట తిరిగి తిరిగి వాళ్ల చెవినే పడుతుంది, ఎదురుగా చెప్పినదానికన్నా లోతుగా తాకుతుంది. పని ముగిసిన వెంటనే చెప్పాలన్నది కూడా అంతే. మార్చిలో చేసిన పనికి సెప్టెంబరులో శాలువా కప్పితే ఏం లాభం?

నెత్తికెక్కుతారన్న భయంలో కొంత నిజముంది. అది ఏ పొగడ్త వల్ల వస్తుందో ముల్లర్, డ్వెక్ అనే పరిశోధకులు 1998లో చూపించారు. ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చి, బాగా చేశాక కొందరితో ‘నువ్వు తెలివైనవాడివి’ అన్నారు, కొందరితో ‘బాగా కష్టపడ్డావు’ అన్నారు. తర్వాత కష్టమైనవి ఇచ్చారు. తెలివైనవాడివి అనిపించుకున్న పిల్లలు సులువైనవే ఎంచుకోవడం మొదలుపెట్టారు, మార్కులు తగ్గాయి, ఎంతొచ్చాయని అడిగితే ఎక్కువ చేసి చెప్పినవాళ్లు కూడా వీళ్లలోనే ఎక్కువ. పేరు పోతుందేమో అన్న టెన్షన్! మన కార్పొరేట్ స్కూళ్లలో బాగా చదివేవాళ్లను వేరుచేసి పెట్టే ‘ఎ’ సెక్షన్ పిల్లలకు పట్టే జబ్బు ఇదే. అయితే ‘కష్టపడ్డావు’ అన్నది కూడా మంత్రం కాదు. తప్పు పద్ధతిలో మూడు గంటలు కూర్చుని తప్పు జవాబు తెచ్చిన పిల్లవాడికి కష్టపడ్డావు అంటే అది ఓదార్పు. ‘మూడో మెట్టు దాకా సరిగ్గా వచ్చావు, అక్కడ గుర్తు మార్చడం మర్చిపోయావు’ అంటే వాడికి ఏదో దొరికినట్టు.

తప్పు దిద్దడం కూడా మెచ్చుకోలులో భాగమని చాలామంది ఒప్పుకోరు. 2014లో డేవిడ్ యేగర్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగంలో ఏడో తరగతి పిల్లలు వ్యాసాలు రాశారు, టీచర్లు ఎర్రపెన్నుతో దిద్దారు. సగం కాగితాల మీద ‘నీ మీద నాకు పెద్ద అంచనాలున్నాయి, నువ్వు అందుకోగలవని నాకు తెలుసు, అందుకే ఇన్ని సూచనలు రాశాను’ అన్న అర్థంతో చీటీ అంటించారు. మిగతా సగం మీద మామూలు చీటీ. ఆ బడిలో నల్లజాతి పిల్లల్లో మామూలు చీటీ వచ్చినవాళ్లు 17 శాతం మందే వ్యాసం మళ్లీ రాసిచ్చారు. అంచనాల చీటీ వచ్చినవాళ్లలో 72 శాతం మంది రాసిచ్చారు. తెల్లపిల్లల్లో తేడా ఇంత లేదు. కారణం ఊహించవచ్చు. టీచరు దిద్దుతున్నది నా వ్యాసాన్నా, నా పుట్టుకనా అన్న అనుమానం ఎవరికి ఉంటుందో వాళ్లకే ఆ చీటీ అవసరం. మన బళ్లలో ఆ అనుమానంతో కూర్చునే పిల్లలు ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే ఒకరకం పొగడ్త నాకు అసలు పడదు. ‘తండా నుంచి వచ్చి ఇంత బాగా ఇంగ్లీషు మాట్లాడుతున్నావే!’ అని ఆశ్చర్యపోవడం. అన్నవాళ్లు మంచి మనసుతోనే అంటారు. వినే పిల్లకు మాత్రం నువ్వు ఇక్కడ ఉండాల్సినదానివి కాదు, ఎలాగో ఉన్నావు అని వినిపిస్తుంది. ఆశ్చర్యం లేకుండా పని గురించే చెప్పండి.

కొత్తగా చేరినవాళ్ల సంగతి ప్రత్యేకంగా చూడాలి. మా హైస్కూళ్లకు ఆరో తరగతిలో చుట్టుపక్కల ఊళ్ల ప్రాథమిక పాఠశాలల నుంచి పిల్లలు వస్తారు. అక్కడ ఇద్దరు టీచర్లు, అందరికీ అందరూ తెలుసు. ఇక్కడ పీరియడ్‌కో టీచరు, పెద్దపెద్ద అన్నలు. సంక్రాంతి సెలవుల తర్వాత కొందరు తిరిగి రారు. ట్రిపుల్ ఐటీల్లోనూ ఇదే జరుగుతుంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఆ క్యాంపసులకు పదో తరగతి మార్కులతో పల్లెల నుంచి వెళ్లిన పిల్లలు, తమ బడిలో ఫస్ట్ వచ్చినవాళ్లు, అక్కడ మొదటి సెమిస్టర్‌లో ‘నేనిక్కడికి తగను’ అని ఒంటరిగా కుమిలిపోతారు. వాల్టన్, కోహెన్ 2011లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని మీదే. కాలేజీలో చేరినవాళ్లకు సీనియర్ల అనుభవాలు చదివించారు: మొదట్లో మాకూ ఇలాగే అనిపించింది, కొన్నాళ్లకు సర్దుకుంది అని. గంటసేపటి పని అది. నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తర్వాత మూడేళ్లపాటు మెరుగ్గా ఉన్నాయి. మీ స్కూల్లో జూన్‌లో చేయగలిగిన పని ఇది. పదో తరగతి పిల్లలు నలుగురు ఆరో తరగతికి వెళ్లి, తాము మొదటి నెలలో ఎక్కడ ఏడ్చారో చెప్పాలి. టాపర్లను మాత్రం పంపకండి. కొత్త టీచర్లకూ ఇలాగే ఒక సీనియర్‌ను జతచేయండి.

పిల్లలందరికీ అసెంబ్లీలో చప్పట్లు నచ్చవు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల పేరు మైకులో చెబితే సాయంత్రం దాకా మగపిల్లల వెక్కిరింపులు భరించాలి. నోట్‌బుక్ చివర రెండు వాక్యాలు రాసివ్వండి, దాచుకుంటారు. ఉదయం క్లాసు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించడం కూడా చాలు. అమెరికాలో క్లేటన్ కుక్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా పలకరించిన తరగతుల్లో పిల్లలు పాఠం మీద దృష్టి పెట్టే సమయం 20 శాతం పాయింట్లు పెరిగింది. దీనికి ఖర్చు లేదు, బెల్లు కొట్టడానికి రెండు నిమిషాల ముందు టీచరు అక్కడ ఉండాలి. మన దగ్గర అదే కష్టం.

మీవారి ఆఫీసుకు వస్తే, అక్కడ పరిస్థితి కొంత వేరు. ఐటీలో టీమ్ లీడ్ చేతిలో జీతాలుండవు, రేటింగులు కూడా సగమే ఉంటాయి. ఏడాదంతా ‘గ్రేట్ జాబ్’ అని, ఏడాది చివర పనితీరుకు రేటింగ్ ఇచ్చే అప్రైజల్‌లో, కొద్దిమందికే పై రేటింగ్, ఎక్కువమందికి మధ్య రేటింగ్ అనే బెల్ కర్వ్ పేరుతో మధ్యలో పడేస్తే ఆ మంచిమాటలన్నీ వెనక్కి తిరిగి అబద్ధాలైపోతాయి. రేటింగ్ ఆయన చేతిలో లేకపోతే ఆ సంగతి ముందే చెప్పేయాలి. చేతిలో ఉన్నది ఒకటుంది: పని చేసినవాళ్ల పేరు పైకి చేర్చడం. క్లయింట్‌కు వెళ్లే మెయిల్‌లో ‘మా టీమ్ సరిచేసింది’ అని రాసే బదులు, రాత్రి రెండింటిదాకా కూర్చుని ఆ బగ్ పట్టుకున్న అమ్మాయి పేరు రాసి, ఆమెను కాపీలో పెట్టాలి. మేనేజర్ మీటింగుకు ఆమెనే తీసుకెళ్లి మాట్లాడనివ్వాలి. మాట్లాడే అవకాశం ఇవ్వడం కన్నా పెద్ద మెచ్చుకోలు ఆఫీసుల్లో నేను చూడలేదు.

ఫ్యాక్టరీలో నేను ఎక్కువసేపు చెప్పేది చెడువార్త తెచ్చినవాడి గురించి. ప్రమాదం జరగబోయి తప్పిపోతే దాన్ని నియర్ మిస్ అంటారు. రాత్రి షిఫ్టులో కాంట్రాక్టు హెల్పర్ ఒకతను పైపు ఫ్లాంజ్ (రెండు పైపులు కలిసే అతుకు) దగ్గర సాల్వెంట్, అంటే తేలిగ్గా మండే ద్రావకం, సన్నగా చెమర్చడం చూశాడనుకోండి. చెబితే మామూలుగా వచ్చే మొదటి మాట ‘నువ్వేం ముట్టుకున్నావ్?’ అని. రెండోసారి అతను చూసినా చూడనట్టు వెళ్లిపోతాడు. నిప్పురవ్వ పడితే పోయేది అతని ప్రాణం కూడా, అయినా చెప్పడు. అదే షిఫ్ట్ ఇన్‌ఛార్జి వెంటనే వచ్చి చూసి, అతుకులో ఉండే గాస్కెట్ వాషరు మార్పించి, పొద్దున పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తల గురించి మాట్లాడుకునే టూల్‌బాక్స్ టాక్‌లో ‘ఫలానా అతను చూసి చెప్పాడు, అందుకే మనం ఇవాళ మామూలుగా పని మొదలుపెడుతున్నాం’ అంటే ఆ ప్లాంటులో అందరి కళ్లూ తెరుచుకుంటాయి. కాంట్రాక్టు వాళ్ల బ్యాడ్జీ రంగు వేరు, బస్సు వేరు, కొన్నిచోట్ల క్యాంటీన్ లైను కూడా వేరు. ఆయుధపూజ రోజు స్వీటు డబ్బా పర్మనెంటు వాళ్లకే. ఇన్ని తేడాల మధ్య ఒక్క పొగడ్తతో సొంతమన్న భావం వస్తుందని సూపర్‌వైజర్లకు నేను చెప్పను. మీ చేతిలో ఉన్నంతవరకు లైను ఒకటి చేయండి, డబ్బాలు సమానంగా తెప్పించండి, ఆ తర్వాత పేరుపెట్టి పిలవండి అంటాను.

మళ్లీ మీ స్కూలు. ‘స్టార్ ఆఫ్ ద మంత్’ రేపే ఆపేయకండి, ఈ నెల వస్తుందని ఎదురుచూసే పిల్లలుంటారు. విద్యా సంవత్సరం చివరిదాకా నడిపి జూన్‌లో మానేయండి. ఫొటోఫ్రేముల ఖర్చు మిగులుతుంది కదా, స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాను, మహిళా టీచర్లకు సరైన టాయిలెట్ ఉన్నాయో లేదో చూసుకుని అక్కడ పెట్టండి. వాట్సాప్ గ్రూపు నోటీసులకే ఉంచండి. హాజరు పట్టీ కాగితం మాత్రం సోమవారమే మొదలుపెట్టవచ్చు, దానికి మేనేజ్‌మెంట్ అనుమతి అక్కర్లేదు. మొదట ఒక్క సెక్షన్, మీరు పాఠం చెప్పే సెక్షన్ చాలు. నెల తర్వాత ఎవరి పేర్ల ఎదురుగా ఖాళీ మిగిలిందో చూసి ఇక్కడే రాయండి. పిల్లల పేర్లు వద్దు, ఎలాంటి పిల్లలో చెబితే ఆ తర్వాత ఏం చేయాలో మాట్లాడుకుందాం. వేసవి జీతం సంగతి కూడా.